ఎడమ పెడల్ సహకరించలేదు

మనిషికి కాళ్ళు రెండుంటాయన్న విషయం, ఆలస్యంగానే అయినా, నీటి సరఫరా శాఖ దృష్టికి అధికారికంగా వచ్చింది. అంతకు ముందు శాఖకు తెలిసిన అవయవాలు రెండే: సంతకం పెట్టే చెయ్యి, సంతకం రానివాళ్ళకి బొటనవేలు. (తల సంగతి ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.)

కాళ్ళ సంగతి బయటపడటానికి కారణం సైకిళ్ళు. కొండమీది రిజర్వాయరు నుంచి ఊళ్ళోకి దిగే పెద్ద గొట్టం పొడవు తొమ్మిది కిలోమీటర్లు. దాని వెంట రోజూ నడిచి లీకులు చూసే లైను కాపలాదారుల కోసం శాఖవారు కొండ సైకిళ్ళు తెప్పించారు. లావు టైర్లు, ముందు ఊగే ఫోర్కు, ఇరవయ్యొక్క గేర్లు. దున్నపోతుకి గిట్టలు తీసేసి చక్రాలు బిగించినట్టున్నాయి. సైకిళ్ళతో పాటు ఒక ప్రశ్న కూడా దిగింది. పెడళ్ళు ఏవి?

సర్క్యులర్ పదకొండు పేజీలు. సారాంశం ఇంతే. పెడళ్ళు రెండు జాతులు. ఫ్లాటు పెడల్ పీటలాంటిది. కాలు పెట్టాలంటే పెడతాం, తియ్యాలంటే తీస్తాం. క్లిప్పు పెడల్ బోనులాంటిది. బూటు అడుగున ఒక ఇనప ముక్క ఉంటుంది, అది పెడల్లో టక్కున ఇరుక్కుంటుంది, ఊడాలంటే మడమ బయటికి మెలితిప్పాలి. ప్రతి ఉద్యోగీ ఇరవయ్యొక్క రోజుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నది సర్వీసంతటికీ వర్తిస్తుంది. (పెళ్ళిచూపులకి కూడా ఇంతకన్నా గడువిస్తారు.)

ఇదంతా చూసుకోవడానికి పాద వ్యవహారాల అధికారి అని ఒక పోస్టు పుట్టింది. అందులోకి వచ్చినాయన సైకిలంటే తెలియని మనిషేం కాదు. ఇంట్లో, టీవీ ఎదురుగా, చక్రాల్లేని సైకిలు రోజూ అరగంట తొక్కుతాడు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా కింద పడలేదన్నది ఆయన అర్హతల్లో మొదటిది.

ఇక చెవులాయన. అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఇరవయ్యారేళ్ళుగా ఆ గొట్టం వెంట నడిచిన మనిషి. చదువు ఆరో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ, చెవి ఆగలేదు. బారెడు ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది ఆయన దగ్గర. ఒక కొన గొట్టం జాయింటు మీద పెట్టి, రెండో కొన చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. బాగున్న జాయింటు నిద్రపోయే పసిపిల్లలా ఊపిరి తీస్తుంది. లీకున్న జాయింటు పళ్ళ మధ్య నుంచి సణుగుతుంది. గొట్టంలో కొండ మీది భాగం ఆయన వంతు, అక్కడ జాయింట్లు అరవై రెండు. రోజుకి అరవై రెండుసార్లు ఆగుతాడు, అరవై రెండుసార్లు వింటాడు. ఆరేళ్ళ కింద వాల్వు గుంటలో జారి కుడి మోకాలు చెడింది. ముందుకీ వెనక్కీ ఆడుతుంది గానీ పక్కకి తిరగమంటే తిరగదు. అయినా ఒక్కనాడు కొండ మానలేదు.

మానితే ఉన్న ఖాళీ ఒకటే: ఫిర్యాదుల కౌంటరు. గాజు పలక వెనక ఒక కుర్చీ. ఇంతకు ముందు అందులో కూర్చున్నాయన ఆరునెలలకి మాట్లాడటం మానేశాడు. శాఖ దాన్ని పనితీరులో మెరుగుదలగా నమోదు చేసింది. ఆ కుర్చీ కంటబడకుండా చెవులాయన ఆఫీసుకి వెనక గుమ్మంలోంచి వచ్చేవాడు.

సర్క్యులర్ పట్టుకుని ఆయన తిన్నగా బామ్మర్ది దగ్గరికి పోయాడు. బామ్మర్దికి సైకిళ్ళ రిపేరు షాపు. చేతి గోళ్ళలో గ్రీజు, నోట్లో ఎప్పుడూ ఒక మేకో మరమేకో. మాట్లాడాలంటే ముందు దాన్ని ఉమ్మాలి.

"బావా, ఇందులో పెద్ద శాస్త్రమేం లేదు," అన్నాడు మేకు ఉమ్మి. "ఆగకుండా పోయేవాడికి క్లిప్పు. కాలు జారదు, ఎగుడులో బలం వృథా కాదు. ఆగి ఆగి పోయేవాడికి ఫ్లాటు. బండి తూలిందంటే కాలు దింపుకుంటాడు. నీ పనే ఆగడం. నీకు క్లిప్పు పెట్టటమంటే వంటమనిషికి చేతులు కట్టేసినట్టు."

"మరి పదకొండు పేజీలు దేనికి రాశార్రా?"

"రెండు పేజీల్లో రాస్తే పోస్టు ఎవడిస్తాడు బావా?"

ఇంటికొచ్చి, భార్యని పక్కన కూచోబెట్టుకుని, చెవులాయన ఫారం తీశాడు. క్లిప్పు కావాలనేవాళ్ళు ఒక గడిలో టిక్కు పెడితే చాలు. ఫ్లాటు కావాలనేవాళ్ళకి అదనంగా నాలుగు పేజీలున్నాయి. మొదటి ప్రశ్న భార్య పైకి చదివింది.

"'విధి నిర్వహణలో ఉండగా పాదమును పెడల్ నుండి తొలగించవలెనన్న ఆలోచన మీకు మొదట ఎప్పుడు కలిగినది?'"

చెవులాయన తల గోక్కున్నాడు. "ఇదేంటే, పోలీసు స్టేషన్లో అడిగినట్టు?"

"ఇంకోటి చూడు. 'మీ కుటుంబములో ఇంతకు ముందు ఎవరైనా దిగిపోయి ఉన్నారా?'"

"మా తాత బస్సు దిగాడని రాయి."

"వెటకారమాడకు. ఉద్యోగం పోతుంది."

"సరే. 'లేరు' అని రాయి."

ఆ ప్రశ్నల గుట్టు ఇంటర్వ్యూలో తెలిసింది. పాద వ్యవహారాల అధికారి గది చల్లగా ఉంది. బల్ల మీద గాజు పెట్టెలో రెండు పెడళ్ళు, పెళ్ళికి పెట్టిన కానుకల్లా, పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి.

"ఏవయ్యా, ఫ్లాటు కావాలన్నావట?"

"అవున్సార్. ఆగాలి కదండి."

"ఎందుకాగాలి?"

"లీకు వినడానికండి."

"లీకు లేకపోతే?"

"లేదని తెలియాలన్నా ఆగి వినాలి కదండి."

అధికారి జాలిగా చూశాడు. క్లిప్పు పెడల్లో ఒక చిప్పు ఉంటుందనీ, బూటు అందులో ఇరుక్కోగానే 'అడుగు' అనే యాప్‌లో హాజరు పడుతుందనీ వివరించాడు. పెడల్‌కి అంటుకున్న పాదమే విధుల్లో ఉన్న పాదం. ఊడిన పాదం గైర్హాజరు. "నువ్వు రోజుకి అరవై రెండుసార్లు డ్యూటీ దిగిపోతానని రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నావు. నేను కాబట్టి వింటున్నాను. ఇంకొకరైతే ఫైలు చేసేవాళ్ళు."

"సార్, గొట్టం నాతో పాటు పరిగెత్తదు కదండి. అది ఉన్నచోటే ఉంటుంది. నేనే ఆగాలి."

"గొట్టం చూడు, ఒక్కసారి కూడా దాని చోటు వదల్లేదు. దాన్ని చూసి నేర్చుకో."

నేర్చుకునే లోపే సంగతి స్టోర్ గదికి పాకింది. సైకిళ్ళు కంపెనీ నుంచి ఫ్లాటు పెడళ్ళతోనే వచ్చాయి. వాటిని ఊడదీసి అందరికీ క్లిప్పువి బిగించమని స్టోర్ కీపరుకి ఉత్తర్వు. (ఆప్షన్లు అడిగింది ఎందుకంటే, అడగలేదన్న మాట రాకూడదని.) స్టోర్ కీపరుకి ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. ఆయన గోడ మీద ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు ఉంది: మరలన్నియు ఎడమకు త్రిప్పిన ఊడును, కుడికి త్రిప్పిన బిగియును.

కుడి పెడల్ ఎడమకి తిప్పాడు, ఊడింది. ఎడమ పెడల్ ఎడమకి తిప్పాడు, ఊడలేదు. ఇంకొంచెం బలంగా తిప్పాడు. పానాకి మూడడుగుల గొట్టం తొడిగి, ఇద్దర్ని వేలాడదీసి తిప్పాడు. పెడల్ ఊడకపోగా, దాన్ని పట్టి ఉంచే క్రాంకు చేతిలోకి ఇంకా దిగి కూర్చుంది.

అప్పుడే చెవులాయన కోసం వచ్చిన బామ్మర్ది గుమ్మంలోంచి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యా, ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుందండి. లేకపోతే తొక్కుతుంటే ఊడిపోతుంది. అది కుడికి తిప్పితే ఊడుతుంది. మీరిప్పటిదాకా చేస్తున్నది బిగించటం."

స్టోర్ కీపరు పానా కింద పెట్టి బోర్డు వైపు చూపించాడు. "చదవటం వచ్చా?"

"వచ్చండి. కానీ పెడల్‌కి రాదు కదండి."

"బాబూ, ముప్ఫయ్యేళ్ళుగా ఈ గదిలో ఏ మరా నాకెదురు తిరగలేదు. ఇది తిరిగిందంటే లోపం దాంట్లోనే ఉంది. నువ్వు బయల్దేరు."

సాయంత్రానికి పద్నాలుగు సైకిళ్ళవీ ఎడమ పెడళ్ళు మళ్ళీ ఊడని తీరున బిగిశాయి. స్టోర్ రిజిస్టరులో ఎక్కిన మాట: 'కుడి పెడల్ మార్చబడినది. ఎడమ పెడల్ సహకరించలేదు.' ఈ ముక్క పాద వ్యవహారాల అధికారికి వెళ్ళింది. మరను తప్పు పట్టటం ఆయన పరిధి కాదు, పాదమైతే ఆయనదే. అందుచేత ఉద్యోగులందరి ఎడమ కాళ్ళూ ఫ్లాటునీ, కుడి కాళ్ళూ క్లిప్పునీ స్వచ్ఛందంగా ఎంచుకున్నట్టు ఉత్తర్వు వచ్చింది. చెవులాయనకి విడిగా ఒక కాగితం కూడా వచ్చింది. 'మీ అభ్యర్థన సానుభూతితో పరిశీలించి, సగం ఆమోదించడమైనది.'

"సగమేనా నయం," అంది భార్య. "ఎడమ కాలు దింపుకో, సరిపోతుంది."

కానీ భార్యకి కొండ దారి తెలియదు. వెడల్పు మూరెడు. ఎక్కేటప్పుడు కుడి పక్క మోకాలెత్తు గొట్టం, ఎడమ పక్క లోయ. (దిగటం అవతలి తారు రోడ్డు మీదుగా.) కాలు దింపాలంటే గొట్టం వైపు, కుడి కాలే దింపాలి. స్వేచ్ఛ ఉన్న కాలి కింద నేల లేదు, నేల ఉన్న కాలికి స్వేచ్ఛ లేదు. ఆ కుడి కాలికేమో మడమని తిప్పే మోకాలు కూడా లేదు.

మొదటి రోజు మొదటి జాయింటు దగ్గర రాతి స్తంభం పట్టుకుని ఆగాడు. రెండోదాని దగ్గర చెట్టు కొమ్మ. అలా స్తంభానికీ కొమ్మకీ అప్పచెప్పుకుంటూ ఎనిమిదో జాయింటు దాకా లాగాడు. తొమ్మిదో జాయింటు దగ్గర పట్టుకోడానికేం లేదు. చెవులాయన సైకిలుతో సహా, మర్యాదగా, నెమ్మదిగా, నరికిన మొద్దులా కుడివైపు గొట్టం మీదికి ఒరిగిపోయాడు.

జేబులో ఫోను మోగింది. 'అడుగు' యాప్: 'మీరు పడినట్టు గుర్తించాము. పతన నివేదిక నింపండి. పడిన స్థితిలో నింపిన నివేదికలే చెల్లును.' చెవులాయన పడుకునే నింపాడు. పడిన దిక్కు. పడినప్పటి మనఃస్థితి. పడవలెనని ముందే అనుకున్నారా? అడుగున చిన్న అక్షరాల్లో నిబంధన: మూడు పతనాలు నమోదైన ఉద్యోగి కొండకు అనర్హుడు, ఫిర్యాదుల కౌంటరుకు మార్చబడును. నివేదిక పంపాక, బూటు మడమని రెండు చేతులతో పట్టుకుని, తుప్పు పట్టిన కుళాయి తిప్పినట్టు మెలితిప్పి, కాలు ఊడదీసుకున్నాడు.

రెండోరోజు ఇరవై రెండో జాయింటు దగ్గర రెండోసారి.

మూడోరోజు చెవులాయన దేవుణ్ణి కాదు, గొట్టాన్ని మొక్కుకున్నాడు. "తల్లీ, ఇవాళ ఒక్కరోజు బుద్ధిగా ఉండు. మోకాలికి అలవాటయ్యేదాకా." పట్టు దొరికిన జాయింట్ల దగ్గరే ఆగాడు, దొరకని చోట చెవి ఒగ్గి, నెమ్మదిగా తొక్కుకుంటూ పోయాడు. ముప్ఫై ఏడు దాటింది. ముప్ఫై ఎనిమిదికి పది బారల దూరంలో ఉండగానే వినిపించింది. కడ్డీ అక్కర్లేదు. సణుగుడు కాదది, ఏడుపు. జాయింటులో రబ్బరు ఉంగరం కొరుక్కుపోయి, బోల్టు వదులై, లోపలి నీళ్ళు సందు వెతుక్కుంటున్నాయి. వారం పది రోజులు పోతే ఊరికి చేరే ధార సగమైపోతుంది.

అక్కడ స్తంభం లేదు. కొమ్మ లేదు. తొక్కుకుంటూ పోతే కొండ మిగులుతుంది. ఆగితే పడతాడు, పడితే మూడు.

ఇరవయ్యారేళ్ళ అలవాటు. చెయ్యి బ్రేకు దానంతటదే నొక్కింది.

ఈసారి మోకాలు సైకిలు కింద ఇరుక్కుంది. మడమ చేతికి అందలేదు. లీకు మూరెడు దూరంలో మొహం మీద చిమ్ముతోంది. చెవులాయన మొహం తుడుచుకున్నాడు. తర్వాత బూటు తాళ్ళు విప్పి, కాలు మాత్రం లాక్కున్నాడు. బూటు పెడల్లోనే ఉండిపోయింది. ఫోను ఆనందంగా మోగింది: 'మీ పాదం విధుల్లోనే ఉన్నది. ఇలాగే కొనసాగండి.'

ఒంటి బూటుతో లేచి, జాయింటు చేత్తో తడిమి చూశాడు. కొత్త ఉంగరం కావాలి, పెద్ద పానా కావాలి. మళ్ళీ సైకిలు పక్కన పడుకుని నివేదిక తీశాడు. లీకు రాయడానికి అందులో గడి లేదు. 'పతనానికి కారణం' అన్నచోట 'ముప్ఫై ఎనిమిదో జాయింటులో లీకు' అని రాసి పంపాడు.

అధికారి మర్నాడే పిలిపించాడు.

"లీకు నిన్ను పడేసిందా?"

"లేదండి. లీకు కోసం ఆగానండి. ఆగితే పడ్డానండి. సార్, నన్నెక్కడికైనా మార్చండి గానీ, ఆ ఉంగరం మాత్రం ఈ వారంలో..."

"ఇది పతనాల ఫారం. ఇందులో రాసింది పతనం కిందికే వస్తుంది. లీకులకి వేరే ఫారం ఉంది. దాన్ని లీకు పక్కన నిలబడి నింపాలి."

"క్లిప్పు పెట్టుకుని నిలబడ్డమెలాగండి?"

"అది నా దృష్టికి రాలేదు," అన్నాడు అధికారి. అది నిజం కూడా.

కొండ లైనుకి ఒక పందాల సైక్లిస్టుని వేశారు. గోడ నిండా కప్పులున్న మనిషి. నలభై నిమిషాల్లో అరవై రెండు జాయింట్లూ దాటేవాడు. ఒక్కచోట ఆగలేదు కాబట్టి ఒక్కసారి పడలేదు. ఆగలేదు కాబట్టి ఒక్క లీకూ కనపడలేదు. రెండు వారాలు తిరిగేసరికి లైనులో లీకుల సంఖ్య, శాఖ చరిత్రలో మొదటిసారిగా, సున్నాకి దిగింది. క్లిప్పు పెడల్ వల్ల గొట్టాల ఆరోగ్యం మెరుగుపడుతుందని పాద వ్యవహారాల అధికారి ఒక సభలో ప్రసంగించి శాలువా కప్పించుకున్నాడు.

చెవులాయన గాజు పలక వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఆప్షను సర్వీసంతటికీ కదా, అందుచేత అది కూడా ఆయనతో పాటే వచ్చింది. స్టోర్ కీపరు స్వయంగా వచ్చి, కుర్చీ కింద కాళ్ళు పెట్టుకునే చెక్కకి ఒక క్లిప్పు పెడల్ బిగించి వెళ్ళాడు. (కుడిది కాబట్టి చిటికెలో బిగిసింది.) పొద్దున్న పదింటికి బూటు టక్కుమంటే హాజరు. సాయంత్రం అయిదింటికి అటెండరు వచ్చి మడమ మెలితిప్పి విడిపిస్తాడు. ఆ మధ్య వేళలో చెవులాయన చెవి ఊరికే ఉండలేక పంకా చప్పుడు వినేది. దాని బేరింగు పోయింది. ఆ మాట చెప్పడానికీ వేరే ఫారం ఉంది.

మూడో వారానికి క్యూ వీధి మలుపు దాటింది. అందరి చేతుల్లోనూ ఖాళీ బకెట్లు. అందరికీ ఒకటే జవాబు, తెర మీద ఉన్నది చదవాలి. సొంత కవిత్వం కూడదు. ఒకనాడు గాజు పలక ముందుకి భార్య వచ్చింది.

"ఏవయ్యా, కుళాయిలో చుక్క లేదు."

"టోకెన్ నంబరు?"

"నాకూ టోకెనేనా?"

"వెనక జనం చూస్తున్నారే. చెప్పు."

"నూట నాలుగు."

చెవులాయన నొక్కాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"ఏమంటోంది ఆ పెట్టె?"

"'లైనులో లీకులు లేవు. మీకు నీరు అందుచున్నట్టు భావించబడును.'"

"ఎవరు భావించేది? భావిస్తే అన్నం ఉడుకుతుందా?" బకెట్టు గట్టిగా కింద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, గాజు కంత దగ్గరికి వంగింది. "ముప్ఫై ఎనిమిదేగా? నిద్రలో కూడా అదే నంబరు కలవరిస్తున్నావు. పోయి బిగించి రారాదూ?"

"లేవలేనే. కాలు ఊడదు."

ఆవిడ తలుపు తోసుకుని లోపలికొచ్చి, కుర్చీ కిందికి వంగి చూసింది. పెడల్ని చూసింది, బూటుని చూసింది, చివరికి మొగుణ్ణి చూసింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో చాలాసార్లు చూసిన చూపే అది.

"ఇరుక్కుంది నువ్వా, బూటా?"

చెవులాయన వంగి బూటు వైపు చూశాడు. నిజానికి కొండ మీద ఒకసారి దొరికిన జవాబే. గాజు పలక వెనక కూచున్నాక మర్చిపోయాడు. (ఆ కుర్చీ గుణం అలాంటిది.) భార్యే తాళ్ళు విప్పింది. కాలు బయటికొచ్చింది. తెర మూల ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది: 'ఉద్యోగి విధుల్లో ఉన్నారు.'

బామ్మర్ది షాపులో పెద్ద పానా తీసుకుని, ఒక రబ్బరు ఉంగరం కోయించుకుని, కడ్డీ భుజాన వేసుకుని, చెవులాయన రెండో బూటు కూడా విడిచి, వట్టి కాళ్ళతో కొండెక్కాడు. పై వాల్వు మూసి, బోల్టులు వదులు చేసి, పాత ఉంగరం తీసి, కొత్తది కూర్చి, బిగించి, వాల్వు తెరిచాడు. కడ్డీ ఆనించి విన్నాడు. పసిపిల్ల మళ్ళీ నిద్రపోయింది. సాయంత్రానికి ఊళ్ళో కుళాయిలు దగ్గాయి, తుమ్మాయి, తర్వాత నీళ్ళిచ్చాయి. శాఖ రికార్డులో ఏమీ ఎక్కలేదు. లేని లీకుని ఎవరైనా ఎలా బాగు చేస్తారు?

అప్పట్నుంచి రోజూ అదే వరస. పదింటికి బూటు టక్కుమనిపించి, కాలు లాక్కుని, చెవులాయన కొండకి పోతాడు. అయిదు లోపల వచ్చి కాలు బూటులో పెడతాడు. అరవై రెండుసార్లు ఆగుతాడు, అరవై రెండుసార్లు వింటాడు. పందాల సైక్లిస్టు గంట కొట్టుకుంటూ పక్కనించి దూసుకుపోతాడు; ఆగి ఎవరని అడిగే వీలు అతనికి లేదు. కౌంటర్లో బూటు పనితీరు బాగుందనే అంటున్నారు. కసురుకోదు, టోకెన్ అడగదు, నీళ్ళొస్తున్నాయని వాదించదు. సంవత్సరాంతంలో సీటు వదలని ఉద్యోగికి ఇచ్చే ప్రశంసాపత్రం దానికే వచ్చింది. సున్నా లీకుల పతకం సైక్లిస్టుకి.

అంతా సవ్యంగా ఉంది, మొన్న వచ్చిన సర్క్యులర్ తప్ప. 'కొండ లైను వెంట గుర్తు తెలియని వ్యక్తి ఒకడు, పాదరక్షలు లేకుండా, ఇనప కడ్డీతో సంచరించుచూ, జాయింట్లను తాకుచున్నట్టు సమాచారము. అతడు దేనికో ఆగుచున్నాడు. చూసినవారు వెంటనే ఫిర్యాదుల కౌంటరులో తెలియజేయవలెను.'

ఇప్పటికి మూడు ఫిర్యాదులు అందాయి. బూటు విచారిస్తోంది.